ఆరో నంబరు ఇల్లు

ప్యారిస్‌ నగరం నడిబొడ్డున చదరంగం బల్లలాంటి ఓ తోట. దాని చుట్టూ నాలుగువైపులా ఇళ్లు. ఎటు తిరిగి చూసినా ఒకటే వరస... ఎర్ర ఇటుక గోడలు, వాటి అంచుల్లో తెల్లరాయి, పైన నీలిరంగు పలకలు పరిచిన ఏటవాలు కప్పులు. కింద వీధి పొడవునా కమానుల వసారా. మొత్తం 36 ఇళ్లు. పోలికలు కలిసిన అన్నదమ్ముల్లా కాదు, అచ్చంగా కవలల్లా ఉంటాయి. తొలిసారి వెళ్లినవాళ్లు ఏ వైపునుంచి లోపలికొచ్చారో మర్చిపోయి ఒక చుట్టు ఎక్కువ తిరిగినా ఆశ్చర్యం లేదు.

అందుకే ఇక్కడ ఇంటి నంబరు గుర్తుపెట్టుకోవాలి. ఆగ్నేయం మూలన ఉన్న ఇంటి నంబరు 6. బయటినుంచి చూస్తే పక్కింటికీ దానికీ తేడా ఏమీ కనిపించదు. కానీ ప్రపంచం నలుమూలలనుంచి వచ్చేవాళ్లు వెతుక్కుంటూ వెళ్లేది ఆ ఇంటికే. నాలుగు శతాబ్దాల వయసున్న ఆ భవనం రెండో అంతస్తులో 1832 నుంచి 1848 దాకా ఓ రచయిత కుటుంబంతో సహా అద్దెకున్నాడు. పేరు విక్టర్‌ హ్యూగో.

ఆ ఇంట్లో పెళ్లిమాటలు నడిచాయి. చావుకబురు చేరింది. ఆయుధాలు పట్టుకున్న తిరుగుబాటుదారులూ ఒకరోజు లోపలికొచ్చారు. రొట్టె ముక్క దొంగిలించి జైలుకెళ్లిన జీన్‌ వాల్‌జీన్‌ పుట్టిందీ అక్కడే.

గుర్రాల సంత... రాజుల వీధి

ఈ చోటి పేరు ప్లాస్‌ దె వోజ్‌. మొదట్లో ప్లాస్‌ రాయల్‌, అంటే రాజుగారి కూడలి. అంతకుముందు అక్కడో రాజభవనం ఉండేది. 1559లో కూతురి పెళ్లి సంబరాల్లో రెండో హెన్రీ రాజు సరదాపడి బల్లేల పోటీకి దిగాడు. ప్రత్యర్థి బల్లెం విరిగి, పేడు ఒకటి రాజు కంట్లో దిగింది. పదిరోజులు నరకం అనుభవించి ఆ భవనంలోనే కన్నుమూశాడు. రాణి కేథరిన్‌ డి మెడిసి ఆ చోటు చూడలేకపోయింది. భవనాన్ని వదిలేసి, తర్వాత కూలగొట్టించింది. ఖాళీ అయిన స్థలంలో గుర్రాల సంత మొదలైంది.

1605లో నాలుగో హెన్రీ కన్ను ఆ స్థలంమీద పడింది. ఆయనకు పట్టుబట్టల పిచ్చి... కట్టుకోవడానికి కాదు, నేయించడానికి. పట్టుకోసం ఇటలీకి పోతున్న డబ్బును దేశంలోనే ఆపాలని అక్కడ ఓ పట్టు కార్ఖానా పెట్టించాడు. దాని ముందు చదరంగా పెద్ద కూడలి, చుట్టూ ఇళ్లు అనుకున్నాడు. కార్ఖానా రెండు మూడేళ్లకే మూతపడింది. కూడలి మాత్రం నిలిచింది. ఒక్కో వైపు 140 మీటర్లు. ప్యారిస్‌లో ఒక పద్ధతి ప్రకారం గీసి కట్టిన తొలి కూడళ్లలో ఇదొకటి.

రాజు ఇళ్లన్నీ తానే కట్టించలేదు. తెలివైన పని చేశాడు. స్థలాలను తన కొలువులోని పెద్దలకు ఏడాదికి ఒక బంగారు నాణెం నామమాత్రపు పన్నుమీద ఇచ్చేశాడు. షరతు ఒకటే... కూడలివైపు ముఖభాగం రాజుగారి నమూనా ప్రకారమే ఉండాలి. ఇటుక, రాయి, పలక, నాలుగేసి కమానులు. అందులో వెంట్రుకవాసి తేడా ఉండకూడదు. వెనకవైపు మాత్రం ఎవరి తాహతుకు తగ్గట్టు వాళ్లు కట్టుకోవచ్చు. కొత్త కాలనీల్లో 'ఎలివేషన్‌ అందరిదీ ఒకేలా ఉండాలి' అని బిల్డర్లు పెట్టే నిబంధన కొత్తదేం కాదన్నమాట!

నిబంధన ఉన్నచోట దొడ్డిదారీ ఉంటుంది. ఇటుక ఖరీదనిపించిన కొందరు గోడకు గార పూసి, దానిమీద ఎర్రరంగు వేసి ఇటుకల్లా గీతలు గీయించేశారు. దూరంనుంచి చూస్తే తేడా తెలియదు. దగ్గరికెళ్లి గోడ తడిమి చూస్తేనే బండారం బయటపడుతుంది. ఇప్పటికీ ఆ దొంగ ఇటుకల గోడలు అక్కడున్నాయి. తమాషా ఏంటంటే, అసలు ఇటుకలతోపాటు వాటికీ ఇప్పుడు చట్టం రక్షణ ఉంది.

హెన్రీకి తన కూడలి పూర్తయితే చూసే యోగం లేకపోయింది. 1610 మే 14న ప్యారిస్‌ వీధిలో, రథంలో కూర్చుని ఉండగానే ఓ ఉన్మాది ఆయన్ని పొడిచి చంపాడు. 1612 ఏప్రిల్‌లో ఆయన కొడుకు పదమూడో లూయీకి స్పెయిన్‌ రాకుమార్తెతో పెళ్లి కుదిరిన సందర్భంగా మూడురోజులు గుర్రపు విన్యాసాలూ ఊరేగింపులూ చేసి కూడలిని ప్రారంభించారు. అప్పటికి ఆ పెళ్లికొడుక్కి పదేళ్లు.

ఆ తర్వాత అరవై డెబ్భై ఏళ్లు ప్యారిస్‌లో ప్లాస్‌ రాయల్‌దే హవా. తన ఉత్తరాలతో ఫ్రెంచి సాహిత్యంలో చిరస్థాయి సంపాదించిన మదామ్‌ ద సెవిన్యే 1626లో పుట్టింది ఇక్కడే. దేశాన్ని వేలిమీద ఆడించిన మంత్రి రిషెల్యూ కొంతకాలం ఇక్కడే ఉన్నాడు. మాటకు మాట పెరిగితే కత్తి దూసే ప్రభువుల కుర్రాళ్లకూ ఇదే వేదిక. ద్వంద్వ యుద్ధాలు చేస్తే తల తీయిస్తానని రాజు శాసనం చేశాడు. అయినా 1627 మే 12న బూత్‌విల్‌ అనే ప్రభువు పట్టపగలు సరిగ్గా ఈ కూడలి మధ్యకే వచ్చి కత్తి తీశాడు. అతనికది మొదటిది కాదు... అప్పటికే ఇరవైకి పైగా చేసినవాడు. నన్నెవరేం చేస్తారనుకున్నాడు. నెలన్నర తిరక్కుండానే తల తెగింది.

సింహద్వారం దాటితే...

ఆరో నంబరు స్థలం మొదట ఇజాక్‌ ఆర్నో అనే ఆర్థిక శాఖ అధికారికి దక్కింది. ఆయన నుంచి లావర్దాన్‌ సేనాని కుటుంబానికి, 1639లో రోహాన్‌ వంశానికి వెళ్లింది. భవనానికి 'ఒతెల్‌ ద రోహాన్‌ గెమెనే' అని పేరు స్థిరపడింది అందుకే. (ఒతెల్‌ అంటే భోజనం హోటలు కాదు... పట్టణంలో ప్రభువులు కట్టుకున్న పెద్ద లోగిలి.) రోహాన్‌లది మామూలు దర్జా కాదు. రాజకుటుంబం తర్వాత తామేనన్నంత అతిశయం. అప్పులూ ఆ స్థాయిలోనే చేశారు. 1782లో గెమెనే రాజకుమారుడు దివాలా తీసేసరికి లెక్క మూడు కోట్ల లీవ్రలు దాటింది. దాచుకున్న సొమ్మంతా ఆయనకు అప్పిచ్చిన చిన్నచిన్నవాళ్లు కూడా మునిగిపోయారు. రాజుగారి పిల్లలను సాకే పదవిలో ఉన్న ఆయన భార్య ఆ దెబ్బతో కొలువు వదులుకోవాల్సి వచ్చింది.

అప్పటికే ఈ పేట కళ తప్పింది. 1682లో కొలువు వెర్సేల్స్‌కు తరలిపోయాక పెద్దవాళ్లంతా ఒక్కొక్కరే నగరానికి పడమటి వైపు కొత్త ఇళ్లు కట్టుకుని వెళ్లిపోయారు. ప్రభువుల లోగిళ్లను వాటాలుగా విడగొట్టి అద్దెలకిచ్చారు. తర్వాత విప్లవం వచ్చింది. కూడలి మధ్యలో గుర్రమెక్కిన పదమూడో లూయీ కంచు విగ్రహాన్ని 1792లో కరిగించేశారు. రాజుల పేరుండకూడదని కూడలి పేరూ మార్చారు. పన్నులు ముందుగా కట్టిన జిల్లాకు గౌరవంగా 1800లో 'వోజ్‌' పేరు పెట్టారు. పన్ను కట్టినందుకు బిరుదుగా ఓ కూడలి! రాజులు తిరిగొచ్చినప్పుడల్లా పాతపేరు, వాళ్లు పోయినప్పుడల్లా కొత్తపేరు... చివరికి 1870లో వోజ్‌ స్థిరపడింది.

కూల్చేవాళ్లపై యుద్ధం

హ్యూగో ఈ ఇంట్లోకి దిగింది 1832 అక్టోబరులో. అప్పటికి ఆయన వయసు 30. భార్య అదెల్‌, నలుగురు పిల్లలు. ఎనిమిదేళ్ల లియోపోల్దీన్‌, ఆరేళ్లు నిండబోతున్న ఛార్లెస్‌, నాలుగేళ్లు నిండబోతున్న ఫ్రాంస్వా, రెండేళ్ల చిన్న అదెల్‌. 280 చదరపు మీటర్ల వాటా. గొప్పవాళ్లు ఖాళీచేసి పోయిన పేట. 'నోత్ర్‌దామ్‌ ద పారీ' నవల ముందటేడే వచ్చి పేరు మోగిపోతోంది.

అదే ఏడాది మార్చిలో ఆయన ఓ పత్రికలో వ్యాసం రాశాడు. శీర్షిక 'కూల్చేవాళ్లపై యుద్ధం'. ఆ రోజుల్లో ఫ్రాన్స్‌లో పాత చర్చిలూ కోటలూ బురుజులూ అంటే రాళ్ల గుట్టలే. ఊరికి రాయి కావాలంటే కోట పడగొట్టేవారు. లాన్‌ పట్టణంలో శతాబ్దాలనాటి ఓ బురుజును ఆ ఊరి పాలకులే తీర్మానం చేసి కూలగొట్టారు. హ్యూగోకు ఒళ్లు మండిపోయింది. ఓ కట్టడంలో రెండు ఉంటాయని వాదించాడు... దాని ఉపయోగం, దాని అందం. ఉపయోగం యజమానిది కావచ్చు. అందం మాత్రం చూసే ప్రతి ఒక్కరిదీ. కాబట్టి నా ఇల్లు నా ఇష్టం అంటూ పడగొట్టే హక్కు యజమానికి లేదు, దీనికో చట్టం కావాలి అన్నాడు.

అప్పట్లో అది పెద్ద మాట. ఆస్తి అంటే దేవుడిచ్చిన హక్కని నమ్మే కాలం. ఒక కవి వచ్చి 'మీ గోడ నాది కూడా' అంటే ఎవరికి నచ్చుతుంది? మన ఊళ్లలో పాత మండువా లోగిలిని పడగొట్టి అపార్ట్‌మెంట్‌ లేపుతున్నప్పుడు వీధిలోవాళ్లు అడ్డం పడితే ఆ యజమాని ఏమంటాడో ఆలోచిస్తే చాలు.

కానీ మాట వృథా పోలేదు. కట్టడాల పరిరక్షణకు ప్రభుత్వం 1835లో వేసిన సంఘంలో హ్యూగోకూ చోటు దొరికింది. చారిత్రక కట్టడాల తనిఖీ అధికారిగా 1834 నుంచి పనిచేసిన ప్రాస్పర్‌ మెరిమే కూడా రచయితే. గుర్రపుబండ్లలో దేశమంతా తిరిగాడు. 1840లో తొలి జాబితా తయారైంది. పూర్తిస్థాయి చట్టానికి మాత్రం 1887 దాకా ఆగాల్సి వచ్చింది. దాన్ని పకడ్బందీ చేస్తూ 1913లో మరొకటి వచ్చింది. యజమాని ఒప్పుకోకపోయినా కట్టడాన్ని జాబితాలో చేర్చే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది ఈ రెండో చట్టమే. హ్యూగో కోరిందీ అదే... అడిగిన 81 ఏళ్లకు, ఆయన పోయిన 28 ఏళ్లకు అందింది.

ఎర్రగది

ఆరో నంబరులో హ్యూగో వాటా ఎప్పుడూ తిరునాళ్లే. గోడలకు ఎర్రటి పట్టుగుడ్డ, పాతకాలపు చెక్క కుర్చీలు, కవచాలు, తివాచీలు. డ్యూమా వచ్చేవాడు, బాల్జాక్‌ వచ్చేవాడు, లామర్తీన్‌, మెరిమే, గోతియే... సాయంత్రమైతే ఫ్రెంచి సాహిత్యం సగం ఆ గదిలోనే ఉండేది. 1847లో ఛార్లెస్‌ డికెన్స్‌ లండన్‌నుంచి వచ్చి చూశాడు. పాత సామాన్ల దుకాణంలా, నాటకాల కంపెనీవాళ్ల సరుకు గదిలా ఉందని స్నేహితురాలికి ఉత్తరం రాశాడు. పొగడ్తో వెటకారమో మనమే తేల్చుకోవాలి. ఇంటాయన మాత్రం ఆయనకు బాగా నచ్చాడు.

'మేరీ ట్యూడర్‌', 'రూయ్‌ బ్లా' నాటకాలూ, కొన్ని కవితా సంపుటాలూ ఈ గోడల మధ్య రాసినవే. 1841లో ఫ్రెంచి అకాడమీ సభ్యుడయ్యాడు. 1845లో రాజుగారు ఎగువసభలో కూర్చోబెట్టారు. బయటివాళ్లకు కనిపించేది ఇదంతా.

లోపలి మనిషికి ప్రాణం పెద్దకూతురు లియోపోల్దీన్‌. ఎర్రటి గౌను వేసుకుని ఒళ్లో ప్రార్థనా పుస్తకం తెరిచిపెట్టుకున్న పదకొండేళ్ల పాప బొమ్మ ఒకటి ఉంది. 1835లో హ్యూగో మిత్రుడు ఆగస్త్‌ ద షతియోఁ గీశాడు. ఆ పిల్ల ఆ ఇంట్లోనే పెరిగి పెద్దదయింది. షార్ల్‌ వాక్రీ అనే యువకుణ్ని ఇష్టపడింది. పిల్ల ఇంకా చిన్నదని తండ్రి చాలారోజులు నాన్చాడు. చివరికి 1843 ఫిబ్రవరి 15న, ఇంటికి నాలుగడుగుల దూరంలో ఉన్న సెయింట్‌ పాల్‌ చర్చిలో పెళ్లి జరిగింది. ఆ చర్చి గుమ్మం దగ్గర తీర్థపు నీళ్లకు రెండు పెద్ద గవ్వతొట్లున్నాయి. హ్యూగో ఇచ్చినవని చెబుతారు.

పెళ్లయిన ఏడు నెలలకు, సెప్టెంబరు 4న, అత్తవారి ఊరు విల్‌కియే దగ్గర సీన్‌ నదిలో పడవ బోల్తాపడింది. పందొమ్మిదేళ్ల లియోపోల్దీన్‌ మునిగిపోయింది. ఈత బాగా వచ్చిన భర్త ఆమెను కాపాడాలని పదేపదే మునిగి తేలాడు. చివరికి తానూ పైకి రాలేదు.

హ్యూగో అప్పుడు దేశం మరో మూలన ప్రయాణంలో ఉన్నాడు. ఆయన ఎక్కడున్నదీ ఇంట్లోవాళ్లకు తెలియదు, కబురు పంపడానికి దారిలేదు. సెప్టెంబరు 9న రోష్‌ఫోర్‌ పట్టణంలో బండికోసం ఎదురుచూస్తూ ఓ కాఫీ దుకాణంలో కూర్చున్నాడు. చేతికందిన పేపరు తీశాడు. కూతురు చనిపోయిన వార్త అందులో చదివాడు. అప్పటికి అంత్యక్రియలు కూడా అయిపోయాయి.

ఆ తర్వాత ఏళ్లతరబడి పుస్తకమేదీ ప్రచురించలేదు. ఆ దుఃఖం కవితలై 'కాంతెంప్లాసియోఁ' సంపుటిగా బయటికి రావడానికి 13 ఏళ్లు పట్టింది.

జీన్‌ వాల్‌జీన్‌ పుట్టిన గది

1845 నవంబరులో ఆ ఇంట్లోనే ఓ నవల మొదలుపెట్టాడు. నాయకుడి పేరు మొదట జీన్‌ త్రెజీన్‌. నవల పేరు 'లె మిజేర్‌', కష్టాలు. ఎగువసభలో పట్టు దుస్తులతో కూర్చుని వచ్చి, రాత్రిళ్లు రొట్టెదొంగ గురించి రాసుకునేవాడు. 1848 ఫిబ్రవరి దాకా సాగింది. అప్పుడు వీధిలో విప్లవం మొదలైంది. కలం పక్కనపెట్టాడు.

అదే జూన్‌లో ప్యారిస్‌ కార్మికులు తిండిలేక తిరగబడ్డారు. హ్యూగో అప్పుడు ప్రజాప్రతినిధి... ప్రభుత్వం పక్షాన ఉన్నాడు. అల్లర్లు ఆపమని చెప్పడానికి వీధుల్లో కట్టిన అడ్డుగోడల దగ్గరకి వెళ్లాడు. సరిగ్గా అప్పుడే తిరుగుబాటుదారుల గుంపు ఒకటి ప్లాస్‌ రాయల్‌లోకి వచ్చి ఆరో నంబరు మెట్లెక్కింది. ఇల్లు తగలబెట్టేశారని హ్యూగోకు పుకారు చేరింది. తీరా చూస్తే, వచ్చినవాళ్లు గదులన్నీ తిరిగి చూసి, ఏ వస్తువూ ముట్టుకోకుండా వెళ్లిపోయారు. రొట్టెదొంగ కథ రాతప్రతి కూడా ఆ ఇంట్లో భద్రంగా ఉంది. ఎవరి గురించైతే రాశాడో వాళ్లే ఇంట్లోకొచ్చారు. ఆయన మాత్రం ఆ రోజు అవతలి పక్షాన ఉన్నాడు. ఆ సంగతి తర్వాత ఆయన్ను చాలాకాలం వదల్లేదు. 'లే మిజరబుల్స్‌' చివరి భాగంలో పేజీలకు పేజీలు ఆ అడ్డుగోడల గురించి రాయడం వెనక అదీ ఉండొచ్చు.

ఇంట్లోవాళ్లకు ఇక ఆ చోట ఉండటం భయమేసింది. జులైలో ఖాళీ చేసేశారు. పదహారేళ్ల కాపురం అలా ముగిసింది.

మూడేళ్లకు, 1851 డిసెంబరులో లూయీ నెపోలియన్‌ అధికారం కైవసం చేసుకోవడంతో హ్యూగో దేశం వదిలి పారిపోయాడు. 1852 జూన్‌లో ప్యారిస్‌లో మిగిలిన ఆయన సామానంతా వేలం వేశారు. ప్రవాసం 19 ఏళ్లు సాగింది. గెర్న్సీ దీవిలో 1860లో పెట్టె తెరిచి పాత రాతప్రతి మళ్లీ బయటికి తీశాడు. 1862లో నవల అచ్చయింది.

ఆ నవల తెలుగువాళ్లకు కొత్తకాదు. 1950లో కోయంబత్తూరు పక్షిరాజా స్టూడియోవాళ్లు దాన్ని తమిళంలో 'ఏళై పడుమ్‌ పాడు'గా, తెలుగులో 'బీదలపాట్లు'గా తీశారు. రెండింట్లోనూ జీన్‌ వాల్‌జీన్‌ పాత్ర మన నాగయ్యదే. 1972లో అక్కినేని నాగేశ్వరరావు కథానాయకుడిగా విఠలాచార్య అదే పేరుతో మళ్లీ తీశారు. ప్యారిస్‌లో ఆరో నంబరు ఇల్లు ఎక్కడుందో తెలియకపోయినా, అందులో పుట్టిన మనిషి కోసం మన తాతలూ అమ్మమ్మలూ టూరింగ్‌ టాకీసుల్లో కన్నీళ్లు పెట్టుకున్నారు.

బడి పోయి... బొమ్మల కొలువు వచ్చి

హ్యూగో వెళ్లిపోయాక ఆరో నంబరు నగరపాలక సంస్థ చేతికి వచ్చింది. కొంతకాలం అందులో బడి నడిచింది. 1885 మే 22న హ్యూగో కన్నుమూశాడు. ఆయన అంతిమయాత్రకు ఇరవై లక్షలమంది వచ్చారంటారు. ఆయన శిష్యుడిలాంటి స్నేహితుడు పోల్‌ మెరీస్‌ ఓ పని తలకెత్తుకున్నాడు. హ్యూగో బొమ్మలు, పుస్తకాలు, సామాను... తాను కూడబెట్టిందంతా ఇచ్చేస్తాను, ఆయన ఉన్న ఇంట్లోనే ప్రదర్శనశాల పెట్టండని 1901లో ప్యారిస్‌ నగరాన్ని అడిగాడు. నగరం సరేనంది. 1903 జూన్‌ 30న 'విక్టర్‌ హ్యూగో ఇల్లు' తలుపులు తెరిచింది.

అసలు సామాను వేలంలో పోయింది కదా, మరి ఏం చూపిస్తారు? అక్కడే చిన్న మెలిక ఉంది. ఆ గదుల్లో కనిపించేది 1840ల నాటి హ్యూగో సంసారం కాదు, ఆయన మొత్తం జీవితం. ఎర్రగది ఉంది. ప్రవాసంలో ఉండగా ప్రేయసి జూలియెట్‌ ద్రూవే ఇంటికోసం ఆయన స్వయంగా రంగులేసి చేసిన చైనా తరహా చెక్కపలకలతో ఇంకో గది నిండిపోయి ఉంది. పింగాణీ పళ్లేలు గోడకెక్కాయి. ఆ చెక్కల్లో ఎక్కడెక్కడో ఇద్దరి పేర్ల పొడి అక్షరాలు దాచాడు. వెతికితే దొరుకుతాయి. మరోచోట ఓ బల్ల. నాలుగు మూలలా నాలుగు సిరాబుడ్లు... హ్యూగో, డ్యూమా, లామర్తీన్‌, జార్జ్‌ శాండ్‌లవి. 1860లో దానధర్మాల సొమ్ము కోసం భార్య అదెల్‌ సేకరించి చేయించింది.

చివరి గది ఆయన పడకగది. అది కూడా ఈ ఇంటిది కాదు. చనిపోయిన ఇంట్లో ఉన్న మంచం, బీరువా, నిలబడి రాసుకునే ఎత్తు బల్ల తెచ్చి ఎలా ఉన్నవి అలా అమర్చారు. ఆయన కూర్చుని రాయడం తక్కువ.

బుల్డోజర్లు రాకుండా...

ఇల్లు ఇవాళ ఇలా ఉందంటే దాని వెనక కొంత అదృష్టమూ ఉంది. 1853 తర్వాత పాత ప్యారిస్‌ను పడగొట్టి వెడల్పాటి రోడ్లు వేసిన హౌస్‌మన్‌ గొడ్డలి ఈ పేటమీద పెద్దగా పడలేదు. 1925లో ఆధునిక వాస్తుశిల్పి ల కొర్బూజియే ఓ పథకం గీశాడు. నగరం కుడివైపు పాతపేటలను చాలావరకు నేలమట్టం చేసి 60 అంతస్తుల గోపురాలు పద్దెనిమిది లేపాలన్నది ఆలోచన. తర్వాత మన చండీగఢ్‌ను తీర్చిదిద్దింది ఈయనే. ప్యారిస్‌లో ఆ పథకం కాగితంమీదే ఉండిపోయింది.

కానీ పడగొట్టకపోయినంత మాత్రాన ఇళ్లు బాగుండవు. మరే అని పిలిచే ఈ పేట... ఆ మాటకు అర్థం బురదనేల... 1950ల నాటికి శిథిలాల దిబ్బ. ప్రభువుల నడవాల్లో రేకుల షెడ్లు, చిన్నచిన్న కార్ఖానాలు. ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం, నీళ్లపంపు మెట్లదగ్గర, మరుగుదొడ్డి ఉమ్మడిగా. పారిశుద్ధ్యం పేరుతో పడగొట్టేయాలన్న మాట గట్టిగానే వినిపించింది. 1962 ఆగస్టు 4న సాంస్కృతిక మంత్రి ఆంద్రే మల్రో చట్టం తెచ్చాడు. ఈయనా నవలాకారుడే. ఫ్రాన్స్‌లో పాత గోడలను కాపాడినవాళ్ల వరస చూస్తే హ్యూగో, మెరిమే, మల్రో... అందరూ కథలు రాసుకునేవాళ్లే!

అంతవరకూ చట్టం ఒక్కో కట్టడానికి విడిగా ఉండేది. మల్రో దాన్ని పేటలకు పేటలకే వర్తింపజేశాడు. 1964లో మరేలో 126 హెక్టార్లు రక్షిత ప్రాంతమయ్యాయి. నడవాల్లోని షెడ్లు తీసేశారు. గోడలు కడిగారు. ఇప్పుడు ప్లాస్‌ దె వోజ్‌లో ఎవరైనా కిటికీ తలుపు మార్చాలన్నా, గోడకు రంగు వేయాలన్నా సొంతిష్టం చెల్లదు. ముందుగా అనుమతి తీసుకోవాలి. ఏ చెక్క, ఏ పలక, ఏ రంగు... అన్నిటికీ లెక్కుంది. నాలుగో హెన్రీ పెట్టిన షరతు నాలుగు వందల ఏళ్ల తర్వాత మరో రూపంలో మళ్లీ అమల్లోకి వచ్చిందన్నమాట.

దీనికి ఇంకో ముఖమూ ఉంది. బాగుపడ్డ పేటలో అద్దెలు ఆకాశానికెక్కాయి. ఆ షెడ్లలో పనిచేసిన చేతిపనివాళ్లు, ఒక్క గదిలో ఆరుగురు బతికిన కుటుంబాలు ఊరి శివార్లకు వెళ్లిపోయారు. కమానుల కింద ఇప్పుడు చిత్రాల అంగళ్లు, ఖరీదైన భోజనశాలలు. బీదల కథ పుట్టిన వీధిలో బీదవాళ్లు ఉండలేరు. అందం అందరిదీ అన్న హ్యూగో, అద్దె సంగతి ఆ వ్యాసంలో రాయలేదు.

ఒక్క ఆరో నంబరు మాత్రం వాళ్లకీ తెరిచే ఉంది. స్థిర ప్రదర్శన చూడటానికి టికెట్టు లేదు. రెండేళ్లు మూసి మరమ్మతులు చేసి, 2021లో మళ్లీ తెరిచారు. వెనక నడవాలో చిన్న తోట, కాఫీ తాగడానికి చోటు కొత్తగా వచ్చాయి. సోమవారం సెలవు.

'లే మిజరబుల్స్‌' రాతప్రతి చూడాలనుకుంటే మాత్రం ఇక్కడ దొరకదు. అది ఫ్రాన్స్‌ జాతీయ గ్రంథాలయంలో ఉంది. ఎర్రగౌను పాప బొమ్మ ఈ ఇంటిదే. రెండో అంతస్తు కిటికీ దగ్గర నిలబడితే కింద తోట కనిపిస్తుంది. కరిగించిన కంచు లూయీ స్థానంలో 1825లో పెట్టిన పాలరాతి లూయీ చెట్ల మధ్య గుర్రమెక్కి ఉన్నాడు. రాతి గుర్రం రాజు బరువు మోయలేదని పొట్టకింద ఓ చెట్టుమొద్దును చెక్కి ఆనించారు. ఆ చుట్టూ గడ్డిలో ఎండ కాచిన ఆదివారం ఎటు చూసినా పిల్లలే.